కంటికి ఆది

శుక్లాల ఆపరేషన్‌కి వచ్చినవాళ్లు నన్ను మొదట అడిగేది లెన్సు ఎంతండీ అని. తర్వాత మడత లెన్సా, మామూలుదా అని. ఆ తర్వాత మనదా, ఫారిన్‌దా అని. అడగడంలో తప్పేం లేదు, డబ్బులు వాళ్లవి, కళ్లు వాళ్లవి. కానీ నేను పదకొండేళ్లుగా కోనసీమలో ఒక కంటి ఆసుపత్రిలో కొలతల గదిలో పనిచేస్తున్నాను, రోజుకి పాతిక ముప్పై కళ్లు కొలుస్తాను, "అమ్మాయ్, రెండు కళ్లూ కొలిచావా? ఎన్నిసార్లు కొలిచావు?" అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో నలుగురో ఐదుగురో ఉంటారు. ఇది రాయాలనిపించింది అందుకే.

మనం జాకెట్టు కుట్టించుకోవాలంటే ఆది జాకెట్టు తీసుకెళ్లి ఇస్తాం కదా. అది ఒంటికి సరిపోయిందని తెలుసు కాబట్టి దాన్ని బట్టి కొత్తది కత్తిరిస్తారు, కొంచెం తేడా వస్తే కుట్టు విప్పి వదులు చేస్తారు. కంట్లో పెట్టే లెన్సుకి ఆ వీలు లేదు. మొదటి కంటికి ఆది ఉండదు. వేశాక పవర్ కుదరలేదని తెలిస్తే కళ్లద్దాలతో సర్దుకోవాలి, మరీ ఎక్కువ తేడా ఉంటే లెన్సు మార్చడానికి ఇంకో ఆపరేషన్ ఉంది కానీ ఏ డాక్టరూ అక్కడిదాకా రానివ్వాలనుకోరు. అంటే సరిచేసుకోవాల్సిందంతా ముందే, ఆ చీకటి గదిలో, గడ్డం ఆనించి కూర్చున్న ఆ పది నిమిషాల్లోనే చేసుకోవాలి.

నాకు ఈ సంగతి పుస్తకంలో కంటే ముందు మా అమ్మమ్మ కంట్లో తెలిసింది.

అమ్మమ్మది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. ఆవిడ కుడికన్ను ఆపరేషన్ అయ్యేటప్పటికి నేను ఆప్టోమెట్రీ, అంటే కళ్లు పరీక్షించే చదువు, రెండో సంవత్సరం చదువుతున్నాను, ఊళ్లో లేను. పెద్దమావయ్య తీసుకెళ్లి చేయించాడు. ఎక్కడ చేయించాడో రాయను, ఆరోజు అక్కడ చాలామంది ఉన్నారు, కొలిచే అమ్మాయి పొద్దున్నుంచీ నిలబడే ఉందని మావయ్యే చెప్పాడు. ఆపరేషన్ బాగా జరిగింది. నిజంగానే బాగా జరిగింది, ఎరుపు లేదు, నీరు కారలేదు, నొప్పి లేదు, వారం తిరక్కుండానే వంటింట్లోకి వెళ్లిపోయింది. సెలవులకి నేను వెళ్లేసరికి బియ్యంలో రాళ్లు ఏరుతోంది, అద్దాలు లేకుండా. నాకు ఎంత ఆనందమేసిందో. వీధి గుమ్మంలో చెప్పులు విప్పుతూ "అమ్మమ్మా" అన్నాను. తలెత్తి చూసి, "ఎవరూ?" అంది.

గొంతు గుర్తుపట్టి తర్వాత నవ్వింది కానీ ఆ "ఎవరూ" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంటికి పాతిక అడుగుల దూరంలో ఉన్న మనిషి ముఖం ఆవిడకి కనపడటం లేదు. చదువుకుంటున్నదాన్ని కదా, బ్యాగులో లెన్సుల పెట్టె ఉంది, అక్కడే వసారాలో కూర్చోబెట్టి చూశాను. మైనస్ ఒకటిన్నర. అంటే మూరన్నర దూరం దాకా అంతా తేటగా ఉంటుంది, అక్కడ దాటితే మసక. డాక్టరుగారు అనుకున్నది సున్నాకి, వచ్చింది మైనస్ ఒకటిన్నరకి. దూరపు చూపుకి అద్దాలు రాసిచ్చారు, కానీ అమ్మమ్మ పెట్టుకోలేదు. "ఆపరేషన్ చేయించుకుంది అద్దాలు మానెయ్యడానికి కదే" అనేది. ఎడమకంట్లో శుక్లం పెరుగుతోంది, కుడికంటికి దూరం ఆనదు, ఆవిడ ప్రపంచం మెల్లగా వసారా దాకా కుదించుకుపోయింది. మూడేళ్లు అలాగే గడిపింది.

ఎక్కడ తేడా వచ్చిందో చెప్పాలంటే ముందు ఏం కొలుస్తారో చెప్పాలి.

మనవాళ్లు కంటికి పొర వచ్చింది అంటారు, పొర తీసేశారు అంటారు. ఆ మాట విని చాలామంది కంటి మీద ఏదో చర్మంలాంటిది పెరిగిందని, దాన్ని గీకి తీసేస్తారని అనుకుంటారు. అలా కాదు. పుట్టినప్పటి నుంచీ మన కంటి లోపల, నల్లగుడ్డు వెనకాల ఒక లెన్సు ఉంటుంది, అదే మసకబారితే శుక్లం. తీసేది ఆ లెన్సునే. తీసేశాక వెలుతురుని లోపలి తెర మీద ఒక చుక్కగా చేర్చే బలం కంటికి మూడో వంతు దాకా పోతుంది, దాని బదులు బయటినుంచి ఒకటి పెట్టాలి. ఎంత బలం ఉన్నది పెట్టాలి? అది ఒక్కో కంటికి ఒక్కోలా ఉంటుంది, ఒకే మనిషి రెండు కళ్లకి కూడా కొద్దిగా తేడా ఉండొచ్చు.

ముఖ్యంగా రెండు కొలతలు. ఒకటి కంటి పొడవు, ముందున్న కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, అక్కడి నుంచి వెనకున్న తెర దాకా. పెద్దవాళ్లలో ఇది సగటున ఇరవై మూడున్నర మిల్లీమీటర్లు. రెండోది కార్నియా వంపు, దాన్ని మేము కే రీడింగ్ అంటాం, సగటున 43, 44 డయాప్టర్ల (మనం నంబరు అనేది దీన్నే) దగ్గర ఉంటుంది. ఈ రెండూ, దాంతోపాటు లెన్సు లోపల ఎంత లోతున కూర్చుంటుందనే అంచనా, ఇవన్నీ లెక్కలో వేస్తే ఏ నంబరు లెన్సు కావాలో వస్తుంది. లెన్సులు అర నంబరు తేడాతో దొరుకుతాయి, 20, 20.5, 21 ఇలా.

పొడవులో ఒక్క మిల్లీమీటరు తప్పితే ఆపరేషన్ తర్వాత కళ్లద్దాల పవర్‌లో సుమారు రెండున్నర నుంచి మూడు నంబర్ల తేడా వస్తుంది. ఒక్క మిల్లీమీటరండీ. బియ్యపు గింజ మందం కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందులో పదో వంతు తప్పినా పావు నంబరు పైన తేడా. వంపు ఒక డయాప్టరు తప్పితే ఇంచుమించు ఒక నంబరు తేడా. అందుకే నేను "కదలకండి తాతగారూ, ఇంకొక్కసారి" అని విసిగిస్తాను. నా మీద కోప్పడినవాళ్లు ఉన్నారు, "ఎన్నిసార్లమ్మా, పొలంలో సర్వే చేస్తున్నావా" అని ఒకాయన లేచి వెళ్లిపోబోయాడు కూడా. అవునండీ, సర్వేనే. గట్టు జానెడు జరిగితే మీరు ఊరుకుంటారా అని అడిగాను, మళ్లీ కూర్చున్నాడు.

పొడవు కొలిచే పద్ధతులు రెండున్నాయి. పాతది ఏ-స్కాన్, శబ్దంతో కొలిచేది. మన చెవికి వినపడని శబ్దాన్ని కంట్లోకి పంపితే ఒక్కో పొరకీ తగిలి వెనక్కి వస్తుంది, ఎంతసేపట్లో వచ్చిందో చూసి దూరం లెక్కగడుతుంది యంత్రం. మిషను స్క్రీన్ మీద గీతలు లేస్తాయి, కార్నియాకి ఒకటి, లెన్సు ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, చివర రెటీనాకి, అంటే కంటి వెనకున్న తెరకి, ఒకటి. ఆ చివరి గీత కొబ్బరిచెట్టులా నిటారుగా లేవాలి, వాలుగా మెట్లుమెట్లుగా లేచిందంటే మనం కొలిచింది కంటి మధ్యగీత కాదు, పక్కకి పోయాం, ఆ రీడింగు తీసి పారేయాలి. యంత్రం పది రీడింగులు తీసి సగటు ఇస్తుంది. పది తప్పుల సగటు కూడా అందంగానే కనిపిస్తుంది, అందుకే ఒక్కొక్క గీతనీ చూడాలి.

ఇందులో ఇంకో చిక్కుంది. పెన్నులాంటి ప్రోబ్‌ని కార్నియాకి ఆనించి కొలుస్తారు. కార్నియా మెత్తటిది, ఆనిస్తే లోపలికి నొక్కుకుంటుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు పాయింట్లు, అంటే 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లు పొడవు తగ్గి కనిపిస్తుంది, చెయ్యి బరువైతే ఇంకా ఎక్కువ. కన్ను పొట్టిదని యంత్రం నమ్ముతుంది, పొట్టి కంటికి బలమైన లెన్సు కావాలి కాబట్టి ఎక్కువ నంబరు చెబుతుంది, అది వేస్తే మనిషికి మైనస్ వస్తుంది. దీనికి మందు ఉంది, కంటి మీద చిన్న గిన్నెలాంటిది పెట్టి సెలైన్ నింపి, ప్రోబ్‌ని నీళ్లలో ఉంచి కార్నియాని ముట్టుకోకుండా కొలవడం. కాస్త ఎక్కువ టైం పడుతుంది, పేషెంటు పడుకోవాలి, చెంపల మీద నీళ్లు కారతాయి. కానీ నొక్కుడు ఉండదు. గంటకి ఎంతమంది అని లెక్కపెట్టే చోట ఈ పద్ధతి ముందు అటకెక్కుతుంది, అది నన్ను చాలా బాధపెడుతుంది.

కొత్త పద్ధతి వెలుతురుతో కొలవడం. 1999లో జైస్ కంపెనీ ఐఓఎల్ మాస్టర్ అనే మిషను తెచ్చింది, కంటిని ముట్టుకోనక్కర్లేదు, గడ్డం ఆనించి లైటు చూస్తే చాలు, కొన్ని సెకన్లలో పొడవూ వంపూ రెండూ ఇస్తుంది. మా దగ్గరా ఇలాంటి మిషనే వాడతాం. దీంతో వచ్చే పొడవు చాలా కచ్చితం. కానీ లోపలికి వెలుతురు పోతేనే అది కొలవగలదు. శుక్లం బాగా ముదిరి తెల్లగా అయిపోతే లైటు తెర దాకా చేరదు, మిషను చేతులెత్తేస్తుంది, మళ్లీ శబ్దం దగ్గరికే రావాలి. అందుకే మన ఊళ్లల్లో ఇంకా తిరుగుతున్న ఆ మాట, "పొర పండనివ్వు, పండాక తీయిద్దాం" అనే మాట వింటే నాకు టెన్షన్ వస్తుంది. పూర్వం ఆపరేషన్ పద్ధతి వేరు, అప్పటికి ఆ మాట సరే. ఇప్పుడు పండేదాకా ఆగితే ఆపరేషనూ కష్టం, కొలతా కష్టం.

పూర్వం అంటే గుర్తొచ్చింది. మా తాతయ్యకి 1980ల్లో స్కూల్లో పెట్టిన క్యాంపులో రెండు కళ్లకీ చేశారు. లెన్సు తీశారు, లోపల ఏమీ పెట్టలేదు. బదులుగా ప్లస్ పది నంబరు కళ్లద్దాలు, సోడాబుడ్డి అద్దాలు. అది పెట్టుకుంటే తాతయ్య కళ్లు ముఖమంత పెద్దగా కనిపించేవట, గ్లాసు అందుకోబోతే చెయ్యి ముందుకో వెనక్కో పోయేదట, పక్కనుంచి సైకిలు వస్తే హఠాత్తుగా ముందు ప్రత్యక్షమైనట్టు ఉండేదట. క్యాంపుల్లో చాలామందికి ఇంచుమించు అదే నంబరు. కాలవగట్టున ఐదుగురు ముసలాళ్లు కూర్చుంటే ఐదుగురికీ ఒకే సైజు చొక్కా తొడిగినట్టన్నమాట. అయినా గుడ్డివాడిగా పోవడం కన్నా అదే నయమనుకుని దణ్ణం పెట్టుకుని వాడుకున్నారు.

లోపల లెన్సు పెట్టొచ్చని చేసి చూపించింది లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు, 1949 నవంబరు 29న, సెయింట్ థామస్ ఆసుపత్రిలో. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అద్దాల ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకుని లోపలే ఉండిపోయినా కన్ను వాటిని సహించడం గమనించి, అదే రకం ప్లాస్టిక్‌తో లెన్సు చేయించాడు. మనిషి కంటి సహజమైన లెన్సు ఎలా ఉంటుందో ఇంచుమించు అదే ఆకారంలో చేయించాడు, కానీ ప్లాస్టిక్ వెలుతురుని అంతకంటే ఎక్కువ వంచుతుంది. మొదటి పేషెంటుకి ఆపరేషన్ తర్వాత మైనస్ 18 దాకా వచ్చింది. నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా అమ్మమ్మ గుర్తొస్తుంది. ప్రపంచంలో మొట్టమొదట లెన్సు వేయించుకున్న కన్ను కూడా పవర్ తప్పిన కన్నే.

ఆ తర్వాత లెక్కలు వచ్చాయి. 1967లో సోవియట్ యూనియన్‌లో ఫ్యొదరోవ్ అనే కంటి డాక్టరు ఒక సూత్రం ఇచ్చాడు. 1980 ప్రాంతంలో శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ అనే ముగ్గురు డాక్టర్లు చాలా ఆపరేషన్ల ఫలితాలు దగ్గర పెట్టుకుని ఎస్సార్కే అని తేలికైన లెక్క కట్టారు. లెన్సు రకాన్ని బట్టి ఒక అంకె ఉంటుంది, ఉదాహరణకి 118.4 అనుకుందాం. అందులోంచి కంటి పొడవుకి రెండున్నర రెట్లు తీసెయ్యి, వంపుకి 0.9 రెట్లు తీసెయ్యి, మిగిలింది లెన్సు నంబరు. పొడవు 23.5, వంపు 44 అయితే 118.4 లోంచి 58.75, 39.6 పోగా 20కి కొద్దిగా పైన. నేను కాలేజీలో ఈ లెక్క నోటుబుక్కు వెనక చేసేదాన్ని. మరీ పొట్టి కళ్లకి, మరీ పొడుగు కళ్లకి ఇది తప్పుతుంది కాబట్టి ఇప్పుడు దీన్ని వాడరు, ఎస్సార్కే-టి, హాఫర్ క్యూ, బారెట్ లాంటివి మిషన్‌లోనే ఉంటాయి. కానీ ఎంత గొప్ప సూత్రమైనా నేను ఇచ్చిన పొడవునే నమ్ముతుంది. నేను తప్పు పెడితే అది తప్పుని రెండు దశాంశాల దాకా లెక్కగట్టి ఇస్తుంది.

తప్పులు కొలతలోనే రానక్కర్లేదు. పేర్లలో వస్తాయి. మన జిల్లాలో ఒక్కరోజులో ముగ్గురు సత్యనారాయణగార్లు రాకుండా ఉండరు, ఇంటిపేరు కూడా కలిసిన రోజులున్నాయి. అందుకే నేను పేరు పిలవను, "మీ పేరేంటండీ, ఊరేంటండీ, ఏ కంటికి చేస్తున్నారు" అని వాళ్లచేతే చెప్పిస్తాను. పేరు పిలిస్తే చెవి సరిగా వినపడనివాళ్లు ఎవరిని పిలిచినా "ఆయ్" అని లేచి వచ్చేస్తారు.

వరసలో వస్తాయి. కంట్లో చుక్కలు వేశాక, కంటి ప్రెషరు చూశాక కార్నియా పైభాగం కాస్త చెదురుతుంది, అప్పుడు వంపు కొలిస్తే నమ్మకం లేదు. ఎవరూ కంటిని ముట్టుకోకముందే వంపు కొలవాలి. కన్ను పొడారిపోయి ఉన్నా ఇదే గొడవ, కొలిచిన ప్రతిసారీ ఒక్కో అంకె వస్తుంది, కొన్నాళ్లు కన్నీటి చుక్కలు వేయించి మళ్లీ పిలవాలి. కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్లు ముందుగా మానేసి రావాలి. లేజర్‌తో కళ్లద్దాలు తీయించుకున్నవాళ్లు ఆ సంగతి చెప్పి తీరాలి, వాళ్ల కార్నియాకి మామూలు లెక్క పనికిరాదు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద హైదరాబాదులో చేయించుకున్నా సరే, చెప్పండి.

మన సముద్రపు ఒడ్డు వాళ్లకి ఇంకోటుంది, కండ. ఎండలో, ఉప్పుగాలిలో, చెరువు గట్ల మీద బతికినవాళ్లకి ముక్కువైపు నుంచి నల్లగుడ్డు మీదకి కండ పాకుతుంది. అంతర్వేది వైపు నుంచి రొయ్యల చెరువులు చూసుకునే ఒకాయన వచ్చారు. కండ పెద్దది, అది కార్నియాని ఒకవైపు లాగేసి చదును చేసేసింది, అడ్డంగా వంపు 40 చూపిస్తోంది, నిలువుగా 44. డాక్టరుగారు ముందు కండ తీసి, రెండు మూడు నెలలు ఆగి అప్పుడు కొలుద్దామన్నారు. ఆయనకి చాలా కోపం వచ్చింది. "పొర తియ్యమని వస్తే కండ తీస్తారా, మళ్లీ రమ్మంటారా, పంట మీదున్నానండీ" అని గొడవ. కూర్చోబెట్టి చెప్పాం. మళ్లీ వచ్చినప్పుడు అడ్డం వంపు 43 వచ్చింది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను, అప్పుడే వేసుంటే ఎంత తేడా వచ్చేదో చెప్పాను. ఆయన కాసేపు కాగితాల వంకే చూసి, "మేతకి కాటా సరిచూసుకోకుండా వెయ్యమండీ మేమూ" అన్నారు.

ఇక లెక్కంతా సరిగ్గా వచ్చాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది, అది యంత్రం అడగదు. ఈ మనిషికి ఏ దూరం కావాలి?

మామూలు లెన్సు ఒక దూరానికే తేటగా ఉంటుంది. మిషన్‌లో టార్గెట్ అనే గడి ఉంటుంది, ఎవరూ మార్చకపోతే అక్కడ సున్నా ఉంటుంది, అంటే దూరం చూపుకి. ఎక్కువమందికి అదే మంచిది. కానీ ఒకసారి నరసాపురం వైపు నుంచి రేవు దాటి సఖినేటిపల్లి మీదుగా ఒక మామ్మగారు వచ్చారు. ఎనిమిదో ఏట నుంచి లేసు అల్లుతున్నారట. నరసాపురం లేసు తెలిసిందే కదా, పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పితే మన ఆడవాళ్లు తరతరాలుగా వీధి అరుగుల మీద కూర్చుని అల్లుకుంటూ వస్తున్న పని. ఆవిడ చూపుడువేలి మీద దారం రాసుకున్న గాడి ఉంది. పాత అద్దాల చీటీ అడిగాను, శుక్లం రాకముందు నుంచీ ఆవిడకి మైనస్ మూడు. అంటే జీవితమంతా అద్దాలు తీసేసి, ఒడిలో లేసు పెట్టుకుని అల్లింది. సున్నాకి వేసేస్తే దూరంగా బస్సు బోర్డు కనిపిస్తుంది, ఒళ్లో దారం కనపడదు.

"మామ్మగారూ, దూరం బాగా కనపడాలా, దగ్గర బాగా కనపడాలా? అద్దాలు లేకుండా ఏదో ఒకటే వస్తుంది" అన్నాను.

"అదేం ప్రశ్నమ్మా? టీవీ చూడకపోతే చస్తానా, చెయ్యి ఆడకపోతే చస్తాను గానీ."

డాక్టరుగారితో చెప్పాను. ఆయన మళ్లీ ఆవిడతో మాట్లాడి, లేసు పట్టుకుని చూపించమని, ఒడి నుంచి కంటికి ఎంత దూరమో టేపుతో కొలిపించారు. నలభై సెంటీమీటర్లు. మూరెడు కన్నా కొద్దిగా తక్కువ. దానికి మైనస్ రెండున్నర. టార్గెట్ గడిలో సున్నా తీసి ఆ అంకె నా చేత్తో కొట్టాను. చెకప్‌కి వచ్చినప్పుడు ఆవిడ నాకు చిన్న లేసు రుమాలు తెచ్చి ఇచ్చారు, కొత్త కంటితో అల్లింది. నా బల్ల అద్దం కింద ఉంది. ఆవిడ నోరు తెరవకపోయినా, నేను అడక్కపోయినా, లెక్క ప్రకారం అంతా కరెక్టుగా చేసి ఆ పని ఆవిడ చేతుల్లోంచి తీసేసి ఉండేవాళ్లం. దయచేసి మీరు ఏ పని చేస్తారో, దేనికోసం చూపు కావాలో కొలిచేచోట చెప్పండి. టైలరింగా, డ్రైవింగా, పూలు కట్టడమా, పారాయణమా, చెట్లెక్కడమా. అడగకపోయినా చెప్పండి.

ధర గురించి కూడా నా మాట చెప్పేస్తాను. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆరోలాబ్ పెట్టి లెన్సులు ఇక్కడే చౌకగా తయారుచేయడం మొదలుపెట్టాక పేదవాళ్ల కళ్లలోకీ లెన్సు వచ్చింది. మడత లెన్సుకి కోత చిన్నది, తొందరగా తేరుకుంటారు, ఖరీదైన వాటిలో ఇంకా కొన్ని సౌకర్యాలున్నాయి, కాదనను. కానీ సరైన నంబరు మామూలు లెన్సు, తప్పు నంబరు ఖరీదైన లెన్సు కంటే ఎప్పుడూ మేలు. దూరం దగ్గర రెండూ చూపించే ఖరీదైన లెన్సులకైతే కొలత తప్పితే అసలు క్షమాపణ లేదు. పొలం అమ్మి లెన్సు కొనేవాళ్లని చూశాను, వాళ్లలో ఒక్కరూ కొలత కాగితం చూపించమని అడగలేదు.

మళ్లీ అమ్మమ్మ దగ్గరికి వస్తాను.

నాకు ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాదే ఆవిడ ఎడమకన్ను మా దగ్గరికి తీసుకొచ్చాం. మావయ్య పాత కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో దాచి ఉంచాడు, ఆ కవరుకి నేను ఎప్పుడూ రుణపడి ఉంటాను. అందులో లెన్సు స్టిక్కరు ఉంది, నంబరు 23. ఏ-స్కాన్ చీటీ ఉంది, కుడికన్ను పొడవు 22.60. ఎడమకన్ను పక్కన ఖాళీ. ఆపరేషన్ చేసే కన్ను ఒక్కటే కొలిచారు.

నేను రెండు కళ్లూ లైటు మిషను మీద కొలిచాను. ఆపరేషన్ అయిన కంటికి వేరే సెట్టింగు ఉంటుంది, అది మార్చి కొలిచాను. కుడి 23.15, ఎడమ 23.20. చేతులు చల్లబడ్డాయి. కన్ను మూడేళ్లలో పెరగలేదు, ఆరోజు నొక్కుకుపోయింది. అర మిల్లీమీటరు పైన. ఆవేళ ఎడమకన్ను కూడా కొలిచి ఉంటే రెండింటికీ అంత తేడా ఏంటని ఎవరికైనా అనుమానం వచ్చేది. రెండు కళ్ల మధ్య 0.3 కంటే ఎక్కువ తేడా వస్తే ఆగి మళ్లీ కొలవాలనేది మా పనిలో మొదట నేర్పే సంగతి. ఒక కన్ను చేయించుకుంటున్నా రెండూ కొలవమని నేను గొంతు చించుకునేది ఇందుకే.

రెండో కంటికి మొదటి కన్నే ఆది. మొదటిది అనుకున్నదానికంటే ఎంత అటుఇటుగా వచ్చిందో చూసి రెండోదాన్ని సర్దుతారు, చాలామంది డాక్టర్లు ఆ తేడాలో సగం లెక్కలోకి తీసుకుంటారు. మొదటిది మైనస్ ఒకటిన్నర వచ్చింది కదా, రెండోదానికి ఆ మేరకు తగ్గించి వేద్దామా అని నేనే అడిగాను. మా డాక్టరుగారు వద్దన్నారు. "ఆది సరిగ్గా ఉందో లేదో ముందు చూడు" అన్నారు. కొత్త పొడవు 23.15 వేసి లెక్కగట్టించారు. ఆ కంటికి కావలసింది 21 దగ్గర, వేసింది 23, లెన్సులో రెండు నంబర్లు ఎక్కువైతే అద్దాల్లో దాదాపు ఒకటిన్నర, అంటే ఆవిడకి వచ్చినంతే. లెక్కలో తప్పు లేదు, ఆవిడ కంట్లో విడ్డూరమేమీ లేదు, పొడవొక్కటే తప్పు. కాబట్టి ఎడమకంటికి ఏదీ సర్దక్కర్లేదు, ఇప్పటి కొలత ఏం చెబితే అదే వెయ్యాలి. నేను సర్దించి ఉంటే కుడికంటికి మైనస్ మిగిలినట్టు ఎడమకంటికి ప్లస్ మిగిలేది, ఆవిడకి ఏ దూరమూ సుఖంగా ఉండేది కాదు.

ఎడమకంటికి 21 వేశారు, దూరం చూపుకి. కుడికన్ను దగ్గరకి, ఎడమకన్ను దూరానికి. కొందరికి కావాలని ఇలాగే చేస్తారు, రెండు కళ్లకీ ఒకటిన్నర తేడాని చాలామంది తట్టుకుంటారు. కుడికన్ను జోలికి వెళ్లలేదు.

కట్టు విప్పిన రోజు సాయంత్రం ఇంటికి తీసుకెళ్లాం. నల్లద్దాలు పెట్టుకుని వసారాలో తన కుర్చీలోనే కూర్చుంది. మేము లోపల కాఫీ తాగుతున్నాం. బయటినుంచి కేక వేసింది, మావయ్యని పేరు పెట్టి.

"ఆ కాలవ పక్క మూల చెట్టుకి మొవ్వేదిరా?"

మావయ్య గ్లాసు పట్టుకునే బయటికి వచ్చాడు. పెరటి చివర, కాలవ వార, తాతయ్య వేసిన వరసలో ఆఖరి కొబ్బరిచెట్టు, మొవ్వు కుళ్లి తల రాలిపోయి మోడులా నిలబడి ఉంది.

"పోయినేడు వానల్లోనే పోయిందమ్మా. నీకు చెప్తే బాధపడతావని..."

"చెప్పకపోతే కనపడదనుకున్నావా" అని, అద్దాలు తీయబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. అలాగే కూర్చుని వరసలో మిగిలిన చెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది, గెలలతో సహా.